నంబర్ సిస్టమ్ కోసం నేను పట్టుకున్న ఒకే ఒక్క సంఖ్య: 4,29,49,67,297

ఎస్సెస్సీ సీజీఎల్‌కి (డిగ్రీ చదివినవాళ్లకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే కేంద్ర ఉద్యోగాల పరీక్ష) చదివేవాళ్లలో చాలామందికి నంబర్ సిస్టమ్, అంటే సంఖ్యలు, భాగహారాలు, శేషాల మ్యాథ్స్ చాప్టర్, అంటే టెన్షనే. టియర్-1లో, అంటే మొదటి దశలో, గంటకి 100 ప్రశ్నలు, అందులో మ్యాథ్స్ 25, తప్పుకి అరమార్కు కోత. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ రూముల్లో గోడల నిండా షార్ట్‌కట్లు అతికించుకున్నవాళ్లని చూశాను. నాకా పద్ధతి పడలేదు. ఒక పెద్ద సంఖ్యను పట్టుకుని, నేర్చుకున్న ప్రతి సూత్రాన్నీ దాని మీదే వేసి చూసేవాణ్ని. ఆ సంఖ్య 2³² + 1, అంటే 4,29,49,67,297.

యూనిట్ డిజిట్ తేలికే. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసికి తిరిగొస్తాయి; 32ని 4 భాగిస్తుంది కాబట్టి 2³² చివర 6, ఒకటి కలిపితే 7.

7, 11, 13లకి వేర్వేరు సూత్రాలు బట్టీ పట్టకండి. 7 × 11 × 13 = 1001 అన్న ముక్క చాలు. కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోవాలి: 297 − 967 + 294 − 4 = −380. 380ని 7తో భాగిస్తే 2 మిగులుతుంది. మైనస్ ఉంది కాబట్టి 7లోంచి 2 తీసేయాలి, శేషం 5. అలాగే 11కి 5, 13కి 10. ఇప్పుడు ఘాతం వైపు నుంచి సరిచూడండి. 2³ని 7తో భాగిస్తే శేషం 1, కాబట్టి 2³⁰కీ 1. మిగిలిన 2²తో 4, ఒకటి కలిపితే 5. లెక్క కుదిరింది.

ఇంతకీ ఇది ప్రధాన సంఖ్యేనా? ఫెర్మా అంతటి గణితవేత్త అవుననే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని విడగొట్టేశాడు: 641 × 67,00,417. రెండూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి 1నీ, ఆ సంఖ్యనీ కలుపుకుని మొత్తం కారణాంకాలు నాలుగే. 641 ఎలా భాగిస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది. 641 అంటే 5 × 2⁷ + 1, అదే 5⁴ + 2⁴ కూడా. మొదటి రూపాన్ని బట్టి 5 × 2⁷ అనేది 641కి ఒకటి తక్కువ, కాబట్టి దానికి శేషం −1, దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸కి శేషం 1. రెండో రూపాన్ని బట్టి 5⁴ బదులు −2⁴ వేయొచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1కి సున్నా! పరీక్షలో ఇది అడగరు గానీ, నెగెటివ్ శేషాలంటే భయం పోయింది మాత్రం దీనివల్లే.

అడిగేది ఇలా ఉంటుంది: 2³² + 1ని నిశ్శేషంగా భాగించే సంఖ్య 2¹⁶ + 1, 2¹⁶ − 1, 7 × 2³³, 2⁹⁶ + 1లలో దేన్ని కచ్చితంగా భాగిస్తుంది? గుణకారం జోలికే పోవద్దు. 2³²ని 'క' అనుకోండి. 2⁹⁶ + 1 అంటే క³ + 1, దానికి క + 1 కారణాంకం. ఆప్షన్లలో 2⁶⁴ + 1 కనిపిస్తే జాగ్రత్త, అది క² + 1. క + 1తో భాగిస్తే 2 మిగులుతుంది. ప్లస్ ఉన్నప్పుడు బేసి ఘాతాలకే ఈ సూత్రం పనిచేస్తుంది.

మైనస్ ఉంటే ఇంకా సుఖం. 2⁴⁸ − 1ని 60, 70 మధ్య ఉన్న ఏ రెండు సంఖ్యలు భాగిస్తాయో అడుగుతారు. సగాలుగా విడగొడుతూ రండి: 2²⁴ + 1, 2¹² + 1, ఆ తర్వాత 2⁶ + 1, 2⁶ − 1. జవాబు 65, 63.