అయిదో సెట్టు, పన్నెండు గంటల బస్సు

ఉదయం పోటీ తిరుపతిలో, మధ్యాహ్నం పోటీ చిత్తూరులో అని ఉన్న కాగితాన్ని చూసినప్పుడే నేను అనుమానపడవలసింది. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా సుమారు 70 కిలోమీటర్ల దారి. మా బాలికల వాలీబాల్ జట్టుకు నిర్వాహకులు పన్నెండు గంటల బస్సు కేటాయించారు. కబడ్డీని నడిపినట్టు వాలీబాల్‌ను గడియారం నడపదు. మూడు సెట్లలో ముగియవచ్చు, అయిదు సెట్లదాకా సాగవచ్చు. మాది అయిదో సెట్టులో 15-13తో తేలింది. గెలిచిన ఉత్సాహంతో పిల్లలు సంచులు భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి బస్సు లేదు.

ఫోన్ చేస్తే, "షీట్‌లో పన్నెండని ఉంది సార్, ఇంకో టీమును ఎక్కించుకుని వచ్చేసినా" అన్నాడు డ్రైవరు. అతని తప్పేమీ లేదు. స్కోరు ఒకరి ఫోనులో, బస్సుల పట్టిక మరొకరి కాగితంలో ఉన్నాయి.

ఆటోల్లో బస్టాండుకు చేరి, చిత్తూరు ఆర్టీసీ బస్సు పట్టుకున్నాము. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలు మార్సెయ్‌లో, సర్ఫింగ్ ఏకంగా తాహితీ ద్వీపంలో జరిగాయన్న సంగతి దారిలో గుర్తుకు వచ్చింది. పారిస్ ప్రాంతంలో ప్రేక్షకుల కోసం ప్రత్యేక యాప్ పెట్టి, రద్దీ ఒకే స్టేషనులో పేరుకోకుండా దగ్గరి దారికి బదులు వేరే దారులు కూడా సూచించారు. మెట్రో టికెట్టును మాత్రం 4 యూరోలకు పెంచారు. అది నాకు నచ్చలేదు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. తిరుమలలో ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరొకటి. సర్వదర్శనానికి సమయం వేసిన టోకెన్లు. గరుడసేవ నాడు ఘాట్ రోడ్లపై ద్విచక్ర వాహనాల నిషేధం. జనం ఎప్పుడు వస్తారో ముందే అంచనా కట్టి దారులు పంచడమే ఇదంతా. ఆటల్లో వచ్చే వేళకన్నా ముగిసే వేళను పట్టుకోవడం కష్టం. అందుకే బస్సు వేళ గడియారానికి కాక స్కోరుకు ముడిపడాలి. నాలుగో సెట్టు మొదలవగానే డ్రైవరు ఫోనులో కొత్త వేళ కనిపించాలి, చిత్తూరు మైదానానికీ ఆ కబురు అందాలి.

పరుగుపరుగున మైదానంలో అడుగుపెట్టేసరికి మూడు దాటింది. "సార్, మన కోర్టులో ఇంకా వేరేవాళ్ళే ఆడతాండారు" అంది మా కెప్టెన్. అక్కడా అయిదో సెట్టే నడుస్తోంది.