బొంత అంచు పట్టీ: రెండు కొనలూ కలిసే చోటు

పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి కుట్టిన బొంత కావచ్చు, కాటన్ ముక్కలు అతికి మధ్యలో దూది పొర పెట్టిన కొత్త తరహా క్విల్ట్ కావచ్చు. అంచు పట్టీ చుట్టూ తిరిగి, మొదలుపెట్టిన చోటికి వచ్చినప్పుడే దాని పనితనం తెలుస్తుంది. నాలుగు మూలలూ ముచ్చటగా తిప్పినవాళ్లు కూడా ఆ చివరి పది అంగుళాల దగ్గర తొందరపడతారు. ఒక కొన మడిచి, రెండోది దాంట్లోకి దోపి, పైన కుట్టేసి ముగిస్తారు. కుట్టిన రోజు బాగానే కనిపిస్తుంది. కానీ పొరలు లెక్కపెట్టండి. రెండు మడతల పట్టీ బొంతకి ముందు రెండు పొరలు, వెనక రెండు పొరలు ఉంటుంది. దోపిన చోట ముందు ఆరు, వెనక ఆరు అవుతాయి. బొంతని బండ మీద వేసి ఉతికినప్పుడు దెబ్బంతా ఆ గడ్డ మీదే పడుతుంది, అక్కడే ముందు పీకుతుంది. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు అన్నిటికంటే ఆలస్యంగా ఆరేదీ ఆ చోటే.

రెండు కొనల్నీ ఐమూలగా కలిపి కుడితే ఆ మందం ఒకే గీత మీద కూర్చోకుండా అంచు పొడవునా పరుచుకుంటుంది. ఇది కష్టమైన కుట్టు కాదు. రవిక మెడకి క్రాస్ పట్టీ (గుడ్డని ఐమూలగా కోసిన పట్టీ) అతకడం తెలిసినవాళ్లకి కొత్తదేమీ లేదు. తప్పు జరిగేది చేతిలో కాదు, కొలతలో.

ముందు పట్టీ వెడల్పు సంగతి. బొంత మీద వేసే కుట్టు అంచు నుంచి ఎంత లోపల పడుతుందో దానికి ఆరు రెట్లు తీసుకుని, మందం కోసం పావు అంగుళం కలపండి. కుట్టు ⅜ అంగుళం లోపల పడితే 2½ అంగుళాల పట్టీ. అయిదారు చీరలు వేసిన మందపాటి బొంతకి కుట్టు ½ అంగుళం లోపలికి వెళ్లాలి, అప్పుడు 3¼ అంగుళాల పట్టీ కావాలి. దీన్ని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేస్తే కుట్టడానికి సిద్ధం. అంచులు నేరుగా ఉన్న బొంతకి నిలువు గుడ్డో అడ్డం గుడ్డో సరిపోతుంది, క్రాస్‌లో కత్తిరించి గుడ్డ వృథా చేయనక్కర్లేదు. మూలలు గుండ్రంగా ఉంటేనే క్రాస్ పట్టీ అవసరం.

గుడ్డ లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న బొంతకి చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకీ చివరి అతుకుకీ కలిపి ఇంకో 15. మొత్తం 315 అంగుళాల పట్టీ కావాలి. 44 అంగుళాల పన్నా పాప్లిన్‌లో అంచులు తీసేస్తే 42 అంగుళాలు మిగులుతుంది. ఐమూల అతుకు ఒక్కొక్కటీ పట్టీ వెడల్పంత, అంటే 2½ అంగుళాలు తింటుంది. 8 ముక్కలు అతికితే 336 లోంచి ఏడు అతుకులకి 17½ పోయి 318½ వస్తుంది. 8 ముక్కలకి 20 అంగుళాల గుడ్డ కావాలి. అర మీటరంటే 19.7 అంగుళాలే, అదీ నేరుగా కోసి ఇచ్చి ఉంటే. తిరుపతి గాంధీ రోడ్డులో కొన్నా, చిత్తూరు బజారులో కొన్నా ముప్పావు మీటరు అడగండి. ఇంటికి తెచ్చి ఒకసారి నీళ్లలో తడిపి ఆరేశాకే కత్తిరించండి.

పాత చీరతో ఇంకా మంచి దారి ఉంది. అయిదున్నర మీటర్ల చీర అంటే దాదాపు 216 అంగుళాలు. పొడవునా చించకుండా కత్తెరతో కోస్తే రెండే పట్టీలతో బొంత మొత్తం తిరిగిపోతుంది. మధ్యలో ఒకే అతుకు, చివర్లో ఒకటి. పైగా నిలువు పోగు గుడ్డ సాగదు కాబట్టి కొలత మాట తప్పదు. కోసేముందు చీరని కిటికీ వెలుతురుకి అడ్డం పట్టి చూడండి. కుచ్చిళ్లు దోపే చోట, కాళ్ల దగ్గర రాసుకునే చోట గుడ్డ జల్లెడలా కనిపిస్తే అంచుకి వాడొద్దు. జరీ అంచు కూడా వద్దు, జరీ పోగులు మడతలో విరిగి ఒంటికి గుచ్చుకుంటాయి. వెంకటగిరి నూలు చీర ఎంత మెత్తగా ఉన్నా దాన్ని బొంత పైభాగానికే ఉంచండి. అంత సన్నని నేత అంచు రాపిడికి ఆగదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ పెట్టాలనుకుంటే ముందు విడిగా ఉతికి, తడిగా ఉండగానే తెల్ల గుడ్డ మీద అదిమి చూడండి. మరక పడితే మళ్లీ ఉతకాలి. తెల్ల బొంతకి ఆ పట్టీ కుట్టేశాక రంగు దిగితే తీసుకునే దారి లేదు.

మెత్తబడిన చీర గుడ్డకి పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. గంజి లేని గుడ్డ కొలిచేటప్పుడు ఒక లెక్క, కుట్టేటప్పుడు ఇంకో లెక్క చూపిస్తుంది.

ఇక కుట్టు. మొదలుపెట్టేది మూల దగ్గర కాదు. ఒక పక్క మధ్యలో, కాళ్ల వైపు అయితే మంచిది. కుట్టే ముందు పట్టీని బొంత చుట్టూ ఊరికే పరిచి చూడండి. ముక్కల అతుకు ఏదైనా మూల మీద పడుతుంటే మొదలుపెట్టే చోటు నాలుగు అంగుళాలు జరపండి. మూల మీద అతుకు పడితే మడత కూర్చోదు, సూది కూడా విరగొచ్చు. పట్టీ మొదటి 10 అంగుళాలు కుట్టకుండా వదిలి, రెండు కుట్లు వెనక్కి వేసి బయల్దేరండి. చుట్టూ తిరిగి వచ్చాక, మొదటి కుట్టుకి 12 అంగుళాల దూరంలో ఆగండి. అక్కడా వెనక్కి కుట్టి, రెండో కొన కూడా 10 అంగుళాలు వదిలి కత్తిరించండి. ఈ ఖాళీ దగ్గర పిసినారితనం పనికిరాదు. బొంతని మడిచి రెండు కొనల్నీ సూది కిందికి తేవాలంటే ఆ జాగా కావాలి. మందపాటి బొంతకి 15 అంగుళాలు వదలండి, కొనలు కూడా ఆ మేరకు పెంచండి. పసిపిల్లల చిన్న బొంతకి 8 సరిపోతుంది.

కొలత తీసేటప్పుడు బొంత నేల మీదో పెద్ద బల్ల మీదో పూర్తిగా పరిచి ఉండాలి. మిషను మీంచి కిందికి వేలాడుతుంటే దాని బరువుకే అంచు సాగి, కొలత పావు అంగుళం తేడా వస్తుంది. ఎడమ కొనని అంచు వెంట పరచండి. లాగొద్దు, వదులుగానూ ఉంచొద్దు. ఖాళీకి సుమారు మధ్యలో నిలువుగా కోసేయండి. ఇప్పుడు కుడి కొనని దాని మీదికి పరచండి. రెండూ ఒకదాని మీద ఒకటి ఎంత మేర ఉండాలి? మడత విప్పిన పట్టీ వెడల్పు ఎంతో అంత. 2½ అంగుళాల పట్టీకి 2½, 3¼ పట్టీకి 3¼. ఈ పనంతటికీ ప్రాణం ఈ ఒక్క లెక్కే. ఐమూల కుట్టు సరిగ్గా పట్టీ వెడల్పంత గుడ్డ తింటుంది, అంతే ఎక్కువ ఇవ్వాలి. మడిచి ఉన్న వెడల్పు చూసి 1¼ ఇచ్చారంటే పట్టీ 1¼ అంగుళాలు పొట్టి అవుతుంది, బొంత ముడుచుకుపోతుంది. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి.

టేపు కంటే నమ్మకమైన కొలత మీ చేతిలోనే ఉంది. ఎడమ కొన నుంచి కోసి పారేసిన ముక్కని మడత విప్పి, ఎడమ కొన మీద అడ్డంగా పెట్టండి. దాని ఒక అంచు కోసిన చివరకి ఆనాలి. రెండో అంచు ఎక్కడుందో అక్కడ కుడి పట్టీ మీద సుద్దతో గీత పెట్టి, ఆ గీత మీద కోయండి. మీ పట్టీ నిజంగా 2½ ఉన్నా, కత్తెర తేడాతో 2⅜ వచ్చినా లెక్క దానంతటదే సరిపోతుంది. గుడ్డ సాగే రకమైతే, లేదా అంచు కాస్త బిగువుగా ఉండాలనుకుంటే ⅛ అంగుళం తగ్గించి కోయండి. పెంచి మాత్రం కోయొద్దు. వదులు పట్టీ ముడతలు పడుతుంది, కొద్దిగా బిగువున్న పట్టీ బుద్ధిగా కూర్చుంటుంది.

ఇప్పుడు ఖాళీ దగ్గర బొంతని మధ్యలోకి మడిచి, బట్టలారేసే క్లిప్పు ఒకటి పెట్టండి. కొనలు రెండూ దగ్గరకొస్తాయి, బరువు లాగదు. రెండు కొనల మడతా విప్పండి. ఇస్త్రీ మడత గీత కుట్టు దగ్గర నుంచి కొన దాకా మెలి తిరగకుండా ఉందో లేదో వేలితో తడిమి చూడండి. మెలి పడిన పట్టీని ఎంత చక్కగా కుట్టినా మళ్లీ విప్పాల్సిందే. మంచి వైపు, వెనక వైపు తేడా తెలియని ఒకే రంగు గుడ్డ అయితే లోపలి వైపున సుద్ద గుర్తు పెట్టుకోండి.

ఎడమ కొన మంచి వైపు పైకి. దాని మీద కుడి కొన మంచి వైపు కిందికి, అడ్డంగా, కూడిక గుర్తు వేసినట్టు కాకుండా ఎల్ ఆకారంలో. ఒక పట్టీ కోసిన చివర రెండో పట్టీ అంచుతో సమానంగా ఉండాలి. అప్పుడు రెండూ కలిసిన చోట ఒక చదరం వస్తుంది. ఏ మూల నుంచి ఏ మూలకి కుట్టాలో ఇక్కడే అందరూ తికమక పడతారు. కుడి, ఎడమ గుర్తుపెట్టుకోవద్దు, బొంత తిప్పి పట్టుకుంటే అవి మారిపోతాయి. కోసిన చివరలు రెండూ కలిసే మూల ఒకటుంటుంది. ఆ మూలనీ, దానికి ఎదురు మూలనీ వదిలేయండి. మిగిలిన రెండు మూలల్ని స్కేలు పెట్టి గీత గీసి కలపండి. కుట్టు ఆ గీత మీదే. గుండుసూదులు గీతకి రెండు పక్కలా పెట్టి, అంగుళానికి 12 కుట్లు పడేలా కుట్టండి. మామూలు గుడ్డకి 14 నంబరు సూది చాలు. తర్వాత మందపాటి బొంత మీద కుట్టేటప్పుడు 16కి మార్చుకోండి.

కత్తెర అప్పుడే పట్టుకోవద్దు. క్లిప్పు తీసి, పట్టీని మళ్లీ సగానికి మడిచి అంచు మీద పరచండి. సరిగ్గా ఆనితే మూల ముక్కని కుట్టుకి పావు అంగుళం దూరంలో కోసి, కుట్టు రెండు రెక్కల్నీ విడదీసి ఇస్త్రీ చేయండి. రెక్కలు ఒకే పక్కకి పడుకోబెడితే ఇంత శ్రమా వృథా, మళ్లీ గడ్డ కడుతుంది. పక్కలకి పొడుచుకొచ్చే చిన్న చెవులు తీసేయండి.

సరిగ్గా ఆనకపోతే సంగతి వేరు. పట్టీ పావు అంగుళం పొడవైతే చాలామంది చేసే పని, మొదటి కుట్టుకి లోపలగా ఇంకో కుట్టు వేసేయడం. పొడవు తగ్గుతుంది నిజమే, కానీ అంచులు తప్పిపోతాయి. కుట్టు 2 మిల్లీమీటర్లు లోపలికి జరిగితే పట్టీ రెండు సగాల మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల మెట్టు వస్తుంది. ఐమూల కుట్టు రెండు పట్టీల అంచులు దాటుకునే బిందువుల గుండానే పోవాలి, లేకపోతే మెట్టు తప్పదు. అందుకని కుట్టు విప్పండి. ఒక పట్టీని ఎంత ఎక్కువుందో అంత లోపలికి జరపండి. అంచులు కొత్తగా దాటుకునే చోట మళ్లీ గీత గీసి కుట్టండి. కుట్టాక విరిసి చూస్తే మెట్టు లేకుండా అంచు ఒకే గీతగా పోవాలి.

పొట్టి అయితే, ⅛ అంగుళం లోపు తేడాని తడి గుడ్డ వేసి ఇస్త్రీతో సాగదీయొచ్చు, అదీ క్రాస్ పట్టీ అయితే సులువు. అంతకంటే ఎక్కువైతే లాగి కుట్టొద్దు. అతుకు విప్పి, ఒక కొనకి అదే గుడ్డ పది అంగుళాల ముక్క ఐమూలగా అతికి, కొలత మొదటి నుంచి తీయండి. రెండు అతుకులు దగ్గరదగ్గరగా ఉన్నా బిగిసి ముడుచుకున్న అంచు కంటే అందంగానే ఉంటాయి. విరిసి చూసినప్పుడు పట్టీ రెండు సగాలు ఒకే వరసలో కాకుండా ఒకదానికొకటి లంబంగా తిరిగితే గీత తప్పు మూలల్లో పడిందని. అందుకే కత్తెర వేయొద్దన్నది.

చిన్న ఖాళీ వదిలేసి సూది కిందికి కొనలు రాకపోతే మిషను మీద కుస్తీ పట్టనక్కర్లేదు. చేత్తో, వెనక కుట్టుతో ఆ మూడున్నర, నాలుగున్నర అంగుళాలు కుడితే చక్కగా సరిపోతుంది. చాలా సన్నని చీర గుడ్డకి నేరు అతుకు కూడా తప్పు కాదు. దానికి పైన అర అంగుళమే ఎక్కువ ఇవ్వాలి, రెండు పక్కలా పావు పావు పోతుంది.

అతుకు కుదిరాక పట్టీని మధ్య నుంచి రెండు పక్కలకీ గుండుసూదులతో పట్టించి మిగిలిన ఖాళీ కుట్టేయండి. పాత కుట్టు మీద రెండు చివర్లా అర అంగుళం ఎక్కించండి. వెనక్కి తిప్పి హెమ్మింగ్ చేసేటప్పుడు అతుకున్న మూడు నాలుగు అంగుళాల్లో కుట్లు ⅛ అంగుళానికి ఒకటి చొప్పున దగ్గరగా వేయండి, మిగతా చోట పావు అంగుళం దూరమైనా నడుస్తుంది. దారం మూరెడు మించొద్దు. ముడి వేసేది, దారం తెంపేది అతుకుకి కనీసం నాలుగు అంగుళాల అవతల పెట్టుకోండి.