లైబ్రరీ కార్డుకి మూడు వారాలు, ఈబుక్‌కి ఒక్క నిమిషం: నా అనుభవం

నిన్న సాయంత్రం నా సొంత లైబ్రరీ కార్డు చేతికొచ్చింది. రాత్రికల్లా దాని మీద మూడు ఈబుక్కులు తీసుకున్నాను. ఒక్కదానికీ క్యూలో నిలబడలేదు. సంతోషం తగ్గకముందే, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. హెచ్4 (భార్య లేదా భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే వీసా) మీద అమెరికా వచ్చి రోజంతా ఇంట్లో ఉండే ఆడవాళ్లు దీన్ని తప్పకుండా చదవండి.

మొదట క్యూ సంగతి చెబుతాను. మావారి కార్డుతో, లైబ్రరీ ఈబుక్కులు అరువిచ్చే లిబ్బీ యాప్‌లో ఒక కొత్త డిటెక్టివ్ నవలకి హోల్డ్ పెట్టాను, అంటే నా వంతు కోసం క్యూలో పేరు రాయించుకున్నాను. కాపీలు 9, నా ముందు 63 మంది, సుమారు 14 వారాలు ఆగాలని చూపించింది. ఈబుక్ అంటే ఫైలే కదా, దానికి కాపీల లెక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకు బోధపడలేదు. పట్టుబట్టి తెలుసుకున్నాను. లైబ్రరీ ఈబుక్‌ని మనలాగా కొనుక్కోదు, లైసెన్స్ తీసుకుంటుంది. ఒక లైసెన్స్ మీద ఒకసారికి ఒక్కరే చదవాలి. పెద్ద ప్రచురణ సంస్థల లైసెన్సులు చాలావాటికి రెండేళ్లకే గడువు తీరిపోతుంది. హార్పర్‌కాలిన్స్ 2011లో ఇంకో పద్ధతి తెచ్చింది. 26 సార్లు అరువిచ్చాక లైబ్రరీ మళ్లీ డబ్బు కట్టాలి. మాక్‌మిలన్ అయితే 2019 నవంబరులో, కొత్త పుస్తకం వచ్చిన మొదటి 8 వారాలు ఎంత పెద్ద లైబ్రరీకైనా ఒక్క ఈబుక్ కాపీయే అమ్ముతానంది. లైబ్రరీలు గట్టిగా వ్యతిరేకించాయి. 2020 మార్చిలో ఆ నియమం ఎత్తేసింది. ఇదంతా తెలిశాక లైబ్రరీ మీద నాకున్న విసుగు పోయింది.

క్యూ లేని దారి హూప్లా. ఒహాయోలోని మిడ్‌వెస్ట్ టేప్ అనే సంస్థ 2013లో మొదలుపెట్టిన యాప్ ఇది. ఇందులో చాలావరకు కాపీల లెక్క ఉండదు. పాఠకులు పుస్తకం తీసుకున్న ప్రతిసారీ లైబ్రరీ ఆ ఒక్కసారికి డబ్బు కడుతుంది. ఒకే పుస్తకాన్ని వందమంది ఒకేరోజు తీసుకున్నా అందరికీ వెంటనే వస్తుంది. ఖర్చు చేయి దాటకుండా ఒక్కో కార్డుకి నెలకి ఇన్ని అని లైబ్రరీయే పరిమితి పెడుతుంది. మా ఊళ్లో అది 5. మా అబ్బాయి కామిక్స్ పిచ్చివల్ల మావారి కార్డు మీద ఆ ఐదూ నెల నాలుగో తారీకుకే అయిపోయేవి. అందుకే నాకంటూ ఒక కార్డు కావాలనుకున్నాను. అక్కడ మొదలైంది నా కష్టం.

ఆన్‌లైన్‌లో ఫారం నింపితే తాత్కాలిక నంబరు ఇచ్చారు. దాంతో ఈబుక్కులు రావు, అడ్రస్ ప్రూఫ్ చూపించాలన్నారు. ఇంటికి దగ్గర్లో ఉన్న బ్రాంచికి పాస్‌పోర్ట్ పట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు పేజీలన్నీ తిప్పి, "ఇందులో ఇండియా అడ్రస్ ఉంది, ఇక్కడి డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వండి" అన్నాడు. నాకింకా రాలేదన్నాను. లీజు అడిగాడు. ఫోన్‌లో చూపించాను. అందులో నా పేరు లేదు, మావారి పేరు ఒక్కటే ఉంది. అతను తలెత్తి చూసి, "ఈయన ఇంటిపేరు వేరు, మీ ఇంటిపేరు వేరు. మీరు అదే ఇంట్లో ఉంటున్నారని నాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. పెళ్లయ్యాక నేను పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు మార్చుకోలేదు, మా వైపు చాలామంది మార్చుకోరు అని చెప్పబోయాను. పూర్తిగా వినకుండానే "మీ హస్బెండ్‌తో కలిసి రండి" అని తర్వాతి మనిషిని పిలిచాడు.

గుంటూరులో డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. మా కాలేజీ లైబ్రరీకి ఏయే పుస్తకాలు తెప్పించాలో నిర్ణయించిన కమిటీలో ఉన్నదాన్ని. నా చేతి మీదుగా వందలమంది పిల్లలకి లైబ్రరీ కార్డులొచ్చాయి. అలాంటిదాన్ని ఒక పుస్తకం కోసం భర్తని వెంటబెట్టుకు రమ్మంటే ఎలా ఉంటుందో చెప్పలేను. బస్‌స్టాప్ దాకా నడుస్తూ ఏడ్చాను. మావారు "దానికేముంది, శనివారం ఇద్దరం వెళ్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా కార్డు నా కాగితాలతోనే రావాలి.

రెండోసారి బ్యాంక్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని వెళ్లాను. జాయింట్ అకౌంట్ కాబట్టి నా పేరూ ఉంది, అడ్రసూ ఉంది. ఈసారి పేరు దగ్గర గొడవ వచ్చింది. పాస్‌పోర్ట్‌లో నా పేరు మూడు మాటలు, పైగా ఇంటిపేరు. బ్యాంకువాళ్ల స్టేట్‌మెంట్‌లో అది సగంలో తెగిపోయింది. ఆరోజు కౌంటర్‌లో ఉన్నామె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో అక్షరం చూసి, ఇవి రెండూ ఒకే మనిషివి అనలేనంది. పుట్టినప్పటినుంచీ ఉన్న నా పేరు నాదేనని రుజువు చేసుకోలేక ఇంటికొచ్చాను. మన తెలుగువాళ్ల పేర్లతో ఈ ఇబ్బంది లైబ్రరీలోనే కాదు, ఇక్కడ అడుగడుగునా ఉంటుంది. ముందే బ్యాంకుకి వెళ్లి, స్టేట్‌మెంట్ మీద పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు వచ్చేలా మార్పించుకోండి.

మూడోసారి ఆ బ్రాంచి గడప తొక్కలేదు. రెండు బస్సులు మారి ఇంకో బ్రాంచికి వెళ్లాను. అక్కడ పెద్దవయసు లైబ్రేరియన్ ఒకావిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం విన్నారు. "పోస్టాఫీసు ముద్రపడి మీ పేరుతో మీ ఇంటికొచ్చిన ఉత్తరం ఒక్కటున్నా చాలు. లేకపోతే మేమే మీ ఇంటికి ఒక పోస్టుకార్డు పంపిస్తాం, అది తీసుకురండి" అన్నారు. అంతే! ఐదురోజులకి పోస్టుకార్డు వచ్చింది. పట్టుకెళ్లాను, పది నిమిషాల్లో లైబ్రరీ కార్డు ఇచ్చారు. ఇంటికొచ్చి వాళ్ల వెబ్‌సైట్ చూస్తే, ఏ కాగితాలు చెల్లుతాయో రాసిన జాబితాలో పోస్టులో వచ్చిన ఉత్తరం మూడో వరుసలోనే ఉంది. ఆ మాట మొదటిరోజే ఆ కుర్రాడు చెప్పి ఉండాల్సింది. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకి తమ లైబ్రరీ నియమాలు తెలియకపోవడం చిన్న తప్పు కాదు. వెళ్లేముందు ఆ జాబితా ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి. పుస్తకాలు తిరిగి తీసుకునే కౌంటర్‌లో అడక్కండి, లైబ్రేరియన్ కావాలని అడగండి.

కార్డు వచ్చాక మిగతాదంతా సులువే. హూప్లాలో కార్డు నంబరు కొట్టి బారో (అరువు తీసుకో) అన్న బటన్ నొక్కితే పుస్తకం తెరుచుకుంది. 21 రోజులు ఉంచుకోవచ్చు, తర్వాత దానంతటదే వెనక్కి పోతుంది, ఫైన్ లేదు. ముందే తిరిగిచ్చినా ఆ నెల లెక్కలో తగ్గదు, కాబట్టి ఆలోచించి తీసుకోండి. మా లైబ్రరీకి రోజువారీ బడ్జెట్ కూడా ఉంది. సాయంత్రానికి అది అయిపోతే రేపు రమ్మంటుంది. టెన్షన్ పడొద్దు, పొద్దున్నే తీసుకోండి. పేరుమోసిన రచయితల సరికొత్త నవలలు హూప్లాలో తక్కువ. పాతవి, చిన్న ప్రచురణకర్తలవి, కామిక్స్, ఆడియోబుక్కులు బాగా దొరుకుతాయి.

లిబ్బీని కూడా వదలొద్దు. వెతికేటప్పుడు ఇప్పుడే దొరికేవి మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టండి. కొన్ని లైబ్రరీలు గిరాకీ ఉన్న పుస్తకాలకి స్కిప్ ద లైన్ కాపీలు విడిగా ఉంచుతాయి. అవి హోల్డ్‌లో ఉన్నవాళ్లకి వెళ్లవు, ఎవరికి ముందు కనబడితే వాళ్లవే. గడువు తక్కువ, రెన్యూ చేయరు. నిన్న రాత్రి నేను తీసుకున్న మూడింటిలో ఒకటి అలా దొరికిందే. ఒకే యాప్‌లో రెండు మూడు లైబ్రరీల కార్డులు పెట్టుకోవచ్చు కూడా. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు ఏ ఊరివాళ్లయినా లాస్ ఏంజిలిస్, శాన్ ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలు ఉచితంగా కార్డు ఇస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లకి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఇస్తుంది. ఒకచోట 14 వారాలున్న పుస్తకం ఇంకోచోట అప్పటికప్పుడే దొరకొచ్చు. నా తర్వాతి పని ఇలా ఇంకో లైబ్రరీ కార్డు తెచ్చుకోవడమే.

శనివారం మా పక్క అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన అమ్మాయిని తీసుకుని ఆ రెండో బ్రాంచికి వెళ్తున్నాను. తనదీ హెచ్4, లీజులో పేరు లేదు, ఇంటిపేరు వేరు. తన పేరుతో వచ్చిన ఉత్తరం ఏదైనా సరే కవరుతో సహా దాచమని చెప్పాను. నిన్న పొద్దున ఒకటి వచ్చిందట.