డేటా సరిపోదట

ఎండ తగ్గాక చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాను. లోపల సీటు దొరికే వేళ కాదు, బయటే సర్దుకున్నాను. పక్కన గ్రూప్స్‌కి చదువుతున్న నల్గొండ తమ్ముడొకడు రీజనింగ్ బిట్లతో కుస్తీ పడుతున్నాడు.

2011 జనగణన తొలి లెక్కల మీద బిట్టు. ఏడేళ్లు, ఆపైన వయసు వాళ్లలో అక్షరాస్యత 74.04 శాతం; మగవాళ్లలో 82.14, ఆడవాళ్లలో 65.46. వీళ్లలో మగవాళ్లే ఎక్కువ మంది అని తేల్చవచ్చా?

"జనాభా ఎంతో ఇయ్యనే లేదు గదక్కా" అంటూ 'డేటా సరిపోదు'కి టిక్కు పెట్టేశాడు. వాణ్ని అని లాభం లేదు. ఇచ్చినదాని బయటికి పోవద్దని కోచింగుల్లో నూరిపోస్తారు. మంచి మాటే. కానీ ఆ భయంతో ఇచ్చినదాన్ని కూడా పూర్తిగా వాడుకోరు.

వాడి నోట్సు చివరి పేజీలో వేసి చూపించాను. ఇద్దరూ సరిసమానంగా ఉంటే మొత్తం సగటు నట్టనడుమ, 73.80 దగ్గర ఆగాలి. ఉన్నది 74.04. త్రాసు కాస్త మగవాళ్ల వైపు మొగ్గిందన్నమాట. ఎంత? 74.04లోంచి 65.46 తీస్తే 8.58. మగ, ఆడ శాతాల తేడా 16.68. ఆ 8.58ని దీంతో భాగిస్తే మగవాళ్లు 51.4 శాతం. అంటే వెయ్యి మంది మగవాళ్లకు 944 మంది ఆడవాళ్లు. చంటిపిల్లల్నీ కలుపుకుని ఆ తొలి లెక్కల్లో చెప్పిన నిష్పత్తి 940. వాడు ఫోన్‌లో వెతికి మరీ చూసుకున్నాడు, నా మాట మీద అంత నమ్మకం!

కింద ఇంకో కంక్లూజన్ ఉంది: 'ఆడపిల్లలను బడికి పంపడం లేదు.' దీనికి మాత్రం వెంటనే 'తేలుతుంది' అన్నాడు. ఎందుకురా అంటే, "మా నాయనమ్మకు సంతకం గూడ రాదక్కా."

"ఆ 65.46లో మీ నాయనమ్మ కూడా ఉంది మరి" అన్నాను. డెబ్బై ఏళ్ల ముసలమ్మ, రెండో తరగతి పిల్ల, ఇద్దరూ ఒకే అంకెలో కలిసిపోయారు. వయసులవారీగా విడదీసి ఇస్తే తప్ప ఇప్పటి బడి సంగతి దాంట్లోంచి రాదు. ఆ మాట నిజమే కావచ్చు, నాకూ తెలుసు. పేపరు అడిగేది అది కాదు.

వాడు కాసేపు గొణిగి రెండు టిక్కులూ కొట్టేసి అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఇంతలో చాయ్ వచ్చింది. నా సిలాజిజమ్స్ పేపరు సంచిలోంచి తీయనే లేదు.