ఆరు గంటల సూది

ముప్పై ఒకటో వారం. బట్టలు ఆరేస్తుంటే ఉమ్మనీరు పోయింది. మా ఊరి నర్సింగ్ హోమ్‌లో చూసి "వరంగల్ తీసుకెళ్లండి" అన్నారు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేయాల్సిన సూది మాత్రం వేయలేదు. అప్పుడు నాకేం తెలుసు? కోపం తర్వాత వచ్చింది.

వరంగల్‌లో చేరగానే తుంటికి ఆ సూది, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, 6 మిల్లీగ్రాములు. పన్నెండు గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు. సాయంత్రం ఆరు, పొద్దున ఆరు. మా ఆయన చీటీ వెనక టైములు రాసుకుని ఐదున్నరకే నర్సు టేబుల్ దగ్గర నిలబడేవారు.

"స్టెరాయిడ్లా? బిడ్డకేమైనా అవుతుందేమో" అని అత్తయ్య టెన్షన్. డాక్టరమ్మ కాసేపు కూర్చుని చెప్పింది. కడుపులో బిడ్డకు ఆక్సిజన్ మాయ నుంచే అందుతుంది కాబట్టి ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకునే ఉంటాయట, వాటిలోకి కొద్ది రక్తమే పోతుందట. పుట్టి ఊపిరి తీయగానే అవి వదులై రక్తం ఒక్కసారిగా అటు మళ్లాలి. నెలలు నిండకపోతే గాలిగదులూ తెరుచుకోవు, నాళాలూ సరిగా వదులవవు. ఈ మందు గాలిగదులు అతుక్కోకుండా చూసే పదార్థాన్ని పెంచుతుంది. గొర్రెపిల్లల్లోనైతే నాళాలు సడలడానికీ సాయపడిందట.

గొర్రెలేమిటని ఆ రాత్రి ఫోన్‌లో వెతికాను. ఎలాగూ నిద్ర లేదు. షుగర్ లేని నాకు 168 వచ్చింది, అదీ సూదుల వల్లేనన్నారు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు, గొర్రెలకు కాన్పు ఎలా మొదలవుతుందో చూద్దామని స్టెరాయిడ్ ఇస్తే, బతకవనుకున్న పిల్లలు ఊపిరి తీశాయట. 1972లో హోవీ అనే డాక్టరుతో కలిసి గర్భిణుల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. యాభై ఏళ్ల నాటి మందు మా ఊళ్లో ఎందుకు వేయలేదో!

నాలుగో సూది పడిన మధ్యాహ్నమే నొప్పులు. పాప 1,420 గ్రాములు. పిల్లికూనలా ఏడ్చింది. ముక్కుకు గొట్టాలు పెట్టారు, వాటి చివర నీళ్ల సీసాలో బుడగలు. ఆ బుడబుడ వినబడితేనే నాకు ప్రాణం నిలిచేది. మూడో రోజు ఎకో (గుండె స్కాన్) తీసి, ఊపిరితిత్తుల్లో ప్రెషర్ తగ్గుతోందన్నారు. నాకు వచ్చిన జ్వరమూ యాంటీబయాటిక్స్‌తో దిగింది.

ఐదో రోజు పాలు పిండుకుని వెళ్లేసరికి బుడబుడ లేదు. కాళ్లు వణికాయి. నర్సు చెయ్యి పట్టుకుంది.

"మేమే తీసేశాం అక్కా. చూడు, తనే ఊపిరి తీసుకుంటోంది."