పైడికి ఎన్నేళ్ళు?

పైడి నేను కల్పించుకున్న పిల్ల. ఎక్కడో ఓ దూరపు గ్రహం మీద యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, అన్నని శిబిరంలో వదిలేసి ఓడెక్కి, మూడు భాగాల సైన్స్ ఫిక్షన్ నవల నిండా పెరిగి పెద్దదవుతుంది. ఆ పిల్లని ఏడేళ్ళ నుంచి ఇరవై రెండేళ్ళకి తీసుకొచ్చేసరికి నాకు అయిదేళ్ళు పట్టింది. తెలుగులో ఇలాంటిది రాద్దామనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, నేను ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో తెలిస్తే కొంత తిప్పలు తప్పుతాయని రాస్తున్నా.

నేను పెద్ద రచయితనేం కాదు. విశాఖ పోర్టు దగ్గర ఓ షిప్పింగ్ ఆఫీసులో బిల్లులు చూసుకునే ఉద్యోగం. పొద్దున్న నాలుగున్నరకి లేచి ఆరున్నర దాకా రాసేవాణ్ణి, ఆ తర్వాత పాలు, పిల్లాడి స్కూలు వ్యాను, కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీల వెనకాల నిలబడ్డం, అంతే సంగతులు.

మొదటి డ్రాఫ్టు 2019లో మొదలెట్టా. నాలుగో పేజీలో ఊరి మీద బాంబులు పడ్డాయి, పదో పేజీకల్లా పైడి చేతిలో తుపాకి, ముప్పయ్యో పేజీలో పగ తీర్చుకుంటానని శపథం. రెండొందల పేజీలు అలా ఊపిరాడకుండా రాసి, మా ఆవిడకిచ్చా. ఆవిడ రెండు రోజులు చదివి, పోపు వేస్తూ వేస్తూ, "అంతా బానే ఉంది గానీ, ఈ పిల్ల ఒక్కసారైనా ఆకలేస్తోంది అనలేదేంటి?" అంది. నాకు కోపం వచ్చింది. తర్వాత వెళ్ళి వెతికా. నిజమే, రెండొందల పేజీల్లో ఆ పిల్ల ఏమీ తినలేదు, నిద్రపోలేదు, ఒంటికి కూడా పోలేదు. అమ్మానాన్నలు లేకపోవడం ఆ పిల్లకి ఓ సర్టిఫికెట్‌లాగా ఉంది, అది చూపించి కథలోకి వచ్చేసింది, ఆ తర్వాత దానితో పనే లేదు. అసలు అంతరిక్షం కథలు రాసేవాళ్ళకి అనాథలంటే అంత ఇష్టం ఎందుకంటే, ఇంటికి ఆలస్యంగా వస్తే అడిగేవాళ్ళు ఉండరు, కథ ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపించెయ్యొచ్చు. నేనూ అదే పని చేశా.

అది పక్కన పడేశాక ఆరేడు నెలలు ఒక్క ముక్క రాయలేదు.

మళ్ళీ కదిలింది మా అమ్మమ్మ గుర్తొచ్చి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులేశాయి, అదే రోజు కాకినాడ మీదా వేశాయి. మన హార్బరు అప్పటికి కొత్తది, మొదలై పదేళ్ళు కూడా కాలేదు. ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. అమ్మమ్మకి అప్పుడు ఏడేళ్ళు, వాళ్ళిల్లు వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ వెనకాల. చిన్నప్పుడు నేను బాంబుల కథ చెప్పమని పీకేవాణ్ణి, ఎన్ని విమానాలొచ్చాయి, చప్పుడెలా ఉంది అని. ఆవిడెప్పుడూ ఒకటే చెప్పేది, "ఇమానాల చప్పుడు నాకు గేపకం లేదురా. పిండి వాసనే గేపకం."

ముందు రోజు రాత్రి దోసెల పిండి రుబ్బి తపేలాలో పెట్టి మూతేశారట. ఆ మర్నాడు ఉన్నపళంగా ఇంటికి తాళం వేసి, ఎడ్లబండి మీద చోడవరం వైపు చుట్టాలింటికి వెళ్ళిపోయారు. రెండున్నర నెలలకి తిరిగొచ్చి తాళం తీస్తే, తపేలా వంటింట్లో అక్కడే ఉంది. మూత తియ్యకే అని వాళ్ళమ్మ అరుస్తున్నా వినకుండా ఈవిడ తీసింది. అంతే. పోయేదాకా దోసె ముట్టలేదు మనిషి. మాకు మాత్రం ఎర్రగా కాల్చి పెట్టేది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ. తను పెసరట్టు తినేది, దాన్ని పులియబెట్టక్కర్లేదు కదా.

నలభై ఏళ్ళొచ్చేదాకా నాకిది తమాషా కథే. ఆ రోజు పొద్దున్న మాత్రం వంటింట్లో రాత్రి రుబ్బిన పిండి పొంగి గిన్నె అంచు దాటడం చూస్తూ అలా నిలబడిపోయా. ఏడేళ్ళ పిల్లకి యుద్ధం అంటే ఇది. విమానాల లెక్క నాలాంటి వాడికి కావాలి గానీ తనకెందుకు?

సరే, పైడికి ఏ వాసన ఇవ్వాలి? దోసెల పిండి ఇస్తే అమ్మమ్మ కథ ఎత్తుకొచ్చినట్టవుతుంది. నేలమాళిగలో పొగ కమ్మినప్పుడు వాళ్ళన్న అప్పన్న తడిగుడ్డ తెచ్చి పైడి మూతికి అడ్డం పెట్టాడని రాశా. తర్వాత ఎప్పుడో ఓడ వంటగదిలో వంటాయన మసిగుడ్డ ఉతికి పొయ్యి పక్కన ఆరేస్తాడు. ఆ తడిగుడ్డ వేడెక్కిన వాసన తగలగానే పైడి చేతిలో కంచం అక్కడే పెట్టేసి బల్ల కిందకి దూరిపోతుంది. ఆయన ఏమైందే అని అడగడు. మర్నాటి నుంచి గుడ్డ ఇంకెక్కడో ఆరేస్తాడు. ఈ ఒకటిన్నర పేజీకి పదకొండు రోజులు పట్టింది. పాత రెండొందల పేజీలూ నెలన్నరలో అయిపోయాయి, గమనించండి.

అప్పటిదాకా నా ఓడ కల్యాణమండపంలా ఉండేది, ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తొచ్చు. ఓ ఆదివారం ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళొచ్చా. స్కూల్లో ఉండగా ఎప్పుడో చూసిందే, కానీ ఈసారి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళా. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి ఇసకలో మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు, చెప్పుకోడానికి బోలెడు, లోపలికెళ్తే ఇద్దరు ఎదురైతే ఒకళ్ళు పక్కకి ఒరగాలి. టార్పెడోల పక్కనే పడకలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల, తర్వాత రెండో కాలు పెట్టి దూరాలి, నేను వరస తప్పి నుదురు బొప్పి కట్టించుకున్నా. అక్కడ వివరం చెప్పే ఆయన రిటైరైన నేవీ మనిషి. "సార్, ఇందులో ఓ చిన్నపిల్ల ఉంటే ఎక్కడ దాక్కుంటుందండీ?" అని అడిగా. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కింది పడక కింద చూపించి, "దాక్కుంటే దాక్కోవచ్చు గానీ లాభం లేదు బాబూ, ఇందులో ఎవరు దగ్గినా అందరికీ వినిపిస్తుంది" అన్నారు.

ఆ మాటతో నవల మారిపోయింది. అంతవరకు పైడిని ఒంటరిదాన్ని చేసి కిటికీ దగ్గర కూర్చోబెట్టి నక్షత్రాలు చూపించేవాణ్ణి. ఇప్పుడు ఆ పిల్లకి ఏడవడానికి చోటే లేదు. డెబ్బై మంది మధ్య పెరుగుతుంది, ముక్కు చీదితే డెబ్బై మందికీ తెలుస్తుంది.

డెబ్బై మంది మధ్య ఉంటే ఎవర్నో ఒకర్ని పిలవాలి కదా. అసలు చిక్కు అక్కడొచ్చింది. ఇంగ్లీషు కథలో పిల్ల అందర్నీ పేరుతో పిలిచేసి పోతుంది. మనకి అలా కుదరదు. బస్సులో పక్క సీటు ఆవిడ్ని కూడా పిన్నీ అనో అత్తా అనో అనకుండా జరగమని అడగలేం. అమ్మా నాన్నా పోయిన పిల్లకి పిలుపులన్నీ ఖాళీగా పడి ఉంటాయి, వాటిలో ఒక్కొక్కటి ఎవరికి ఇస్తుందనేదే ఆ పిల్ల పెరగడం అని నాకు మెల్లగా అర్థమైంది. మొదటి వంద పేజీల్లో పైడి ఎవర్నీ ఏమీ అని పిలవదు, చొక్కా పట్టుకుని లాగుతుందంతే. వంటాయన రోజూ "ఏటే గుంటా, తిన్నావా?" అంటాడు (గుంట అంటే మా వైపు పిల్ల), ఇది తలూపుతుంది. ఓ రోజు నోరు జారి "తిన్నాను మావయ్యా" అంటుంది. ఆయన గరిట తిప్పుతూనే ఉంటాడు, వెనక్కి తిరగడు. కెప్టెనమ్మని మాత్రం పన్నెండేళ్ళు వచ్చేదాకా "మీరు" అనే అంటుంది, మొదటిసారి "నువ్వు" అనేది పోట్లాటలో, ఆ తర్వాత ఇక మీరులోకి వెళ్ళదు. ఈ గీతలన్నీ ఓ పేపరు మీద వేసుకుని గోడకి అంటించా, మావాడు అది బంధువుల లిస్టనుకున్నాడు.

మొదటి భాగం ఓ పత్రికకి పంపితే ఎడిటర్ గారు ఫోన్ చేసి, "అంతరిక్షంలో ఉత్తరాంధ్ర యాస ఏమిటండీ, జనం నవ్వుతారు" అన్నారు. "అదే కృష్ణా జిల్లా యాస అయితే అక్కడ గాలి లేకపోయినా బతుకుతుందాండీ?" అన్నా. మళ్ళీ ఫోన్ రాలేదు. నా నోరు కొంచెం అదుపులో పెట్టుకోవాల్సింది, ఒప్పుకుంటా, కానీ గుంటని మాత్రం తియ్యలేదు.

ఇక వయసు సంగతి. రెండో భాగం రాసి మా మేనకోడలికి ఇచ్చా, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. రాత్రి పదకొండింటికి ఫోన్. "మావయ్యా, పైడికి పదిహేడేంటి?" ఏడేళ్ళప్పుడు ఓడెక్కింది, పదేళ్ళ ప్రయాణం, పదిహేడు, ఇందులో ఏముంది అన్నా. "పదేళ్ళు ఎవరికి?" అంది.

నేనే రాసుకున్నా, ఓడ కాంతి వేగంలో 0.8 వంతు వేగంతో పోతుందని, గొప్పగా ఉంటుందని. అంత వేగంతో పోయేవాళ్ళకి కాలం మెల్లగా నడుస్తుంది. 0.8ని 0.8తో గుణిస్తే 0.64, ఒకటిలోంచి తీసేస్తే 0.36, దాని వర్గమూలం 0.6. అంటే శిబిరంలో ఉన్నవాళ్ళకి పదేళ్ళయితే ఓడలో ఆరేళ్ళే. ఇదేదో కాగితం మీద లెక్క అనుకోకండి, 1971లో మామూలు ప్రయాణికుల విమానాల్లో చాలా కచ్చితంగా నడిచే నాలుగు సీజియం పరమాణు గడియారాలు ప్రపంచం చుట్టూ తిప్పి చూశారు, తేడా నానోసెకన్లలోనే అయినా వచ్చింది. పైడికి పదమూడే. అంటే పదిహేడేళ్ళ పిల్లగా రాసిన రెండో భాగం మొత్తం, ఆ ప్రేమ వ్యవహారంతో సహా, చెత్తబుట్టలోకి. (వేగం అందుకోడానికీ తగ్గించడానికీ పట్టే కాలం కూడా కలపాలి అంది మేనకోడలు. ఆ పిల్ల కాళ్ళు పట్టుకున్నంత పని చేసి అది వదిలేయించుకున్నా.)

ఇంకో తమాషా ఉంది. అసలు ఆ ఏడేళ్ళన్నది ఎవరు చెప్పారు? మొదటి భాగంలో శిబిరం గుమాస్తా పిల్లని పైనుంచి కిందకి చూసి, నోట్లో ఊడిన పళ్ళు లెక్కపెట్టి, ఏడు అని రాసుకుంటాడు. మా నాన్నగారి తరంలో సగం మంది జులై 1న పుట్టారు చూడండి, బళ్ళో మాస్టారి పుణ్యమా అని, అలాగే. అంటే గుమాస్తా అంచనా మీద నేను ఐన్‌స్టీన్ లెక్క వేస్తున్నా. ఇది మేనకోడలికి చెప్తే చాలాసేపు నవ్వి, "అయినా సరే పదమూడే" అంది.

కానీ ఆ లెక్కే నాకు మూడో భాగం ఇచ్చింది. పైడి బయల్దేరినప్పుడు అప్పన్నకి తొమ్మిది. వెళ్ళడానికి పదేళ్ళు, అక్కడ మూడేళ్ళు, తిరిగి రావడానికి పదేళ్ళు, అతనికి ముప్పై రెండు. ఈమెకి ఏడు మీద ఆరూ మూడూ ఆరూ కలిపి ఇరవై రెండు. రెండేళ్ళ పెద్దవాడైన అన్న పదేళ్ళ పెద్దవాడై ఎదురొస్తాడు. ఇది వేసుకుంటుంటే గుర్తొచ్చింది, మొదటి భాగంలో నాన్న పోయేనాటికి ఆయన వయసు ముప్పై రెండని ఎప్పుడో యథాలాపంగా రాసి ఉన్నా. ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి. పైడికి నాన్న ముఖం గుర్తు లేదు. ఇప్పుడు చూస్తుంది.

అమ్మమ్మ భాగవతం చెప్పేటప్పుడు పరీక్షిత్తుకి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పేది. యుద్ధంలో తండ్రి పోయాక పుట్టినవాడు, కడుపులో ఉండగా తనని కాపాడిన రూపాన్ని వెతుక్కుంటూ కనబడ్డ ప్రతి ముఖాన్నీ పరీక్షగా చూసేవాడట. ఆ సీను రాసినన్ని రోజులూ అదే మనసులో తిరిగింది. ఓడరేవులో నిలబడి పైడి అతన్ని ఏమని పిలవాలి? అన్నయ్యా అంటే నోరు రాదు, నాన్నా అనలేదు, మీరు అంటే నేను ఊరుకోను. తొమ్మిది రోజులు ఆ ఒక్క లైను దగ్గరే కూర్చున్నా. ఆఖరికి చిన్నప్పటిలాగే అతని చొక్కా పట్టుకుని లాగిందని రాసి, లేచి వెళ్ళి స్నానం చేశా.

మూడు భాగాలూ కలిపి సొంత ఖర్చుతోనే వేయిస్తున్నా, మూడొందల కాపీలు. ప్రూఫులు మేనకోడలే చూస్తోంది. నిన్న రాత్రి మళ్ళీ ఫోన్. "మూడో భాగం నూట పన్నెండో పేజీలో అప్పన్న వయసు ఇరవై తొమ్మిదని ఉంది, ఆ మధ్య మూడేళ్ళు కలపడం మర్చిపోయావా మావయ్యా?"