వార్తల బరువుతో అలిపిరి మెట్లు

తిరుమలకు నడిచి వెళ్లేటప్పుడు అలిపిరి పాదాల మండపం దగ్గరే ఫోన్ ఆఫ్ చేసి సంచి అడుగున పెట్టేస్తాను. గుడిలోకి ఎలాగూ రానివ్వరు, క్యూలోకి వెళ్లేముందు కౌంటర్లో అప్పగించాల్సిందే. ఆ పని నాలుగు గంటల ముందే మొదలుపెడితే నడక నడకలా ఉంటుంది. ఆఫ్ చేసేముందు ఆ వారం మనసును తొలిచిన వార్తలు అయిదింటిని చిన్న కాగితం మీద వరుసకొకటి రాసుకుంటాను: గాజా పసిపిల్లలు, యుక్రెయిన్ యుద్ధం, సూడాన్ ఆకలి, ఇలా. పది రాస్తే ఒక్కదాని మీదా మనసు నిలవదు. అసలు రాయకపోతే అన్నీ కలిసి ముద్దలా గుండెల మీద కూర్చుంటాయి.

మొత్తం 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. బరువైన సామాను కింద ఉచిత కౌంటర్లో ఇచ్చేసి రసీదు భద్రంగా దాచుకోవాలి. రెండు ఇడ్లీలు చాలు. నూనె పదార్థాలు తిని ఎక్కితే అరగంటకే ఆయాసం. స్టీలు సీసా తెచ్చుకోండి, కొండ మీద ప్లాస్టిక్ సీసాలు కుదరవు. తినేవి చేతిలో కవర్లో పట్టుకుంటే కోతులు లాక్కుంటాయి. 2023లో చిరుతపులి ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్నాక పిల్లలతో నడిచేవారికి వేళల నిబంధనలు వచ్చాయి. ఆ రోజు ఏ వేళ దాకా వదులుతున్నారో కిందే అడిగి, పొద్దున్నే బయల్దేరాలి.

కష్టమంతా గాలిగోపురం దాకానే. రెండు వేల పైచిలుకు మెట్లు నిలువుగా ఉంటాయి. ఉత్సాహంతో మొదటి వంద పరుగున ఎక్కినవాళ్లే తలయేరు గుండు అనే బండ దాటాక పిక్కలు పట్టేసి కూలబడతారు. పక్కవారితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఎక్కాలి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే అమ్మల వెనకే నడిచేటప్పుడు జాగ్రత్త. తడి పసుపు మీద పాదం జారుతుంది, కాబట్టి మెట్టు అంచున నడవాలి.

కూర్చున్న ప్రతిచోటా కాగితంలో ఒక వరుస చదువుతాను. ఆ ఊరినీ ఆ మనుషులనూ తలుచుకుని, వాళ్లను చల్లగా చూడు స్వామీ అని ఒక్క దండం. వెంటనే రెండో దండం కళ్లెదుట కనిపించే మనిషికి: మెట్లు ఊడ్చే తల్లికి, కుళాయి బాగుచేస్తున్న అతనికి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ‘వాళ్లకంటే మనం నయం కదా’ అనుకుని దాన్నే కృతజ్ఞత అనుకుంటారు. అది ఎదుటివారి ఏడుపును మన ఊరటగా మార్చుకోవడం. నా మనసు దానికి ససేమిరా ఒప్పదు. అందుకే రెండు దండాలనూ వేరుగా ఉంచుతాను.

గాలిగోపురం దాటాక దారి చాలా దూరం చదునే. జింకల పార్కు మీదుగా, తర్వాత ఘాట్ రోడ్డు పక్కగా సాగుతుంది. ఆశ గురించి ఆలోచించడానికి మంచి చోటు ఇదే. కరోనా వల్ల 2020 మార్చి 20 నుంచి రెండున్నర నెలలకు పైగా భక్తులకు దర్శనాలు ఆగిపోయాయి. లోపల సుప్రభాతం మాత్రం ఆగలేదు, నిత్య కైంకర్యాలన్నీ ఏకాంతంగా జరిగాయి. 2021 నవంబరు వానలకు కొండెక్కే మరో నడకదారి, శ్రీవారి మెట్టు, కొట్టుకుపోతే రాళ్లు మళ్లీ పేర్చి 2022 మేలో తెరిచారు. ఆశ అంటే నాకు ఎవరూ చూడకపోయినా వెలిగించిన దీపం, పేర్చిన రాయి.

చివర మోకాళ్ల పర్వతం. రామానుజులవారు కొండ మీద పాదం మోపడానికి మనసొప్పక మోకాళ్లతో ఎక్కారంటారు. ఇక్కడ పది మెట్లకోసారి నిలబడాలి. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టం.

స్వామి ఎదుట దొరికేది కొన్ని క్షణాలే. ఏం చెప్పుకోవాలో అప్పుడు ఆలోచిస్తే నోట మాట రాదు. గుడి లోపలి వెండివాకిలి దాటేలోపే ఒక్క వాక్యం సిద్ధం చేసుకోండి. నాది కాగితంలోని ఆఖరి వరుస.

దర్శనం అయ్యాక తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనానికి వెళ్లాలి. 1985లో మొదలైన ఈ అన్నదానంలో పక్క విస్తరి ఎవరిదో ఎవరూ అడగరు. కడుపు నిండాకే కౌంటర్లో ఫోన్ తీసుకుంటాను. ఆన్ చేశాక మొదటి ఫోన్ ఇంటికి, రెండోది చాన్నాళ్లుగా పలకరించని ఒకరికి. కొండ దిగేది బస్సులోనే, మోకాళ్లకు దిగడమే ఎక్కువ దెబ్బ. వార్తలు మళ్లీ చూసేది తిరుపతి చేరాక.